పెట్రోలు తక్కువైందా, గాలి ఎక్కువైందా?

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండటానికి తొమ్మిది వేల లీటర్లకు పైగా గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలిలో అది మూడో వంతు. బంకులో మనం డబ్బిచ్చి కొనేది పెట్రోలే గానీ, ఇంజిన్ సిలిండర్లలోకి వెళ్లే సరుకులో బరువు లెక్కన నూటికి 93 పాళ్లు గాలే. దానికి బిల్లు లేదు కాబట్టి మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. పొద్దున్నే కారు స్టార్ట్ కానని మొండికేసినప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణికినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తటపటాయించి ఆ తర్వాత అందుకున్నప్పుడు, డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగినప్పుడు మాత్రం ఆ గాలి లెక్క తీయక తప్పదు. అలాంటప్పుడు స్కానర్ మీద తరచుగా కనిపించే కోడ్‌లలో పి0171 ఒకటి. మిశ్రమం మరీ లీన్‌గా ఉందని దాని అర్థం. అంటే ఉన్న పెట్రోలుకి గాలి ఎక్కువై ఉండాలి, లేదా వచ్చిన గాలికి పెట్రోలు చాలకపోయి ఉండాలి.

ఈ రెంటిలో ఏది? కోడ్ ఆ సంగతి చెప్పదు. ఎందుకు చెప్పలేదో అర్థమైతే, అసలు కారణాన్ని ఎలా పట్టుకోవాలో కూడా అర్థమవుతుంది.

14.7 ఎక్కడి నుంచి వచ్చింది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. ఒక గ్రాముకి ఎన్ని గ్రాముల గాలి కావాలో చూడాలంటే, లెక్క తేలికగా ఉండటానికి ఆక్టేన్‌ని తీసుకుందాం. దాని అణువులో 8 కార్బన్లు, 18 హైడ్రోజన్లు ఉంటాయి. కార్బన్లన్నీ కార్బన్ డయాక్సైడుగా, హైడ్రోజన్లన్నీ నీటి ఆవిరిగా మారాలంటే రెండు ఆక్టేన్ అణువులకు 25 ఆక్సిజన్ అణువులు కావాలి. బరువుల్లో చెప్పాలంటే 114 గ్రాముల ఆక్టేన్‌కి 400 గ్రాముల ఆక్సిజన్. గాలి బరువులో ఆక్సిజన్ వాటా సుమారు 23 శాతమే కాబట్టి, 400 గ్రాముల ఆక్సిజన్ కోసం 1,700 గ్రాములకు పైగా గాలి పీల్చాలి. అంటే ఒక గ్రాముకి 15 గ్రాములు. నిజమైన పెట్రోలులో టోలీన్ లాంటి, హైడ్రోజన్ తక్కువున్న పదార్థాలు కూడా ఉంటాయి గనక ఈ అంకె కాస్త తగ్గి 14.7 దగ్గర ఆగుతుంది.

గాలి అంతకన్నా తక్కువైతే మిశ్రమం రిచ్, ఎక్కువైతే లీన్. ఇంజిన్ నుంచి గరిష్ఠ శక్తి రాబట్టాలంటే 12.5 నుంచి 13 మధ్య రిచ్‌గా ఉండాలి. మైలేజీ ఒక్కటే చూసుకుంటే 15, 16 దగ్గర కాస్త లీన్‌గా ఉండటమే లాభం. అయినా ఈనాటి పెట్రోలు కారు ఎక్కువ సేపు 14.7 దగ్గరే నడుస్తుంది. దీనికి కారణం ఇంజిన్‌లో లేదు, సైలెన్సరుకి ముందున్న కేటలిటిక్ కన్వర్టర్‌లో ఉంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ తేనెపట్టులాంటి దిమ్మె రెండు ఎదురెదురు పనులు ఒకేసారి చేయాలి. కార్బన్ మోనాక్సైడుకి, కాలని హైడ్రోకార్బన్లకి ఆక్సిజన్ చేర్చాలి. నైట్రోజన్ ఆక్సైడుల నుంచి ఆక్సిజన్ లాగేయాలి. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే రెండో పని ఆగిపోతుంది, చాలకపోతే మొదటిది ఆగిపోతుంది. రెండూ సాగేది 14.7కి అటూ ఇటూ ఉన్న సన్నని సందులోనే.

ఆక్సిజన్‌ని మాత్రమే చూడగల కన్ను

ఆ సందులో నిలబడాలంటే మండాక ఏం మిగిలిందో క్షణక్షణం తెలుస్తుండాలి. ఆ కబురు చెప్పేది పొగగొట్టంలో బిగించిన లాంబ్డా సెన్సర్. దీని వెనకున్న సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లోనే చెప్పాడు. ఒక పదార్థం రెండు వైపులా రెండు వేర్వేరు గాఢతల్లో ఉంటే ఆ తేడా నుంచి ఎంత విద్యుత్ పీడనం పుడుతుందో ఆయన సమీకరణం లెక్కగడుతుంది. జిర్కోనియాలో కొంచెం ఇట్రియా కలిపి వేడి చేస్తే అది విద్యుత్తుని తనగుండా పోనిస్తుందని గమనించి, దానితో దీపం తయారు చేసింది కూడా ఆయనే. 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. ఈ రెండు సంగతులూ కలిసి ఒక చిన్న పరికరమై కారులోకి చేరింది 1976లో. కాలిఫోర్నియా పొగ నిబంధనల ఒత్తిడితో అమెరికాలో అమ్మే వోల్వో కార్లకు బాష్ కంపెనీ సెన్సర్‌ని బిగించారు.

సెన్సర్ లోపల దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగు ఆకారంలో జిర్కోనియా గొట్టం ఉంటుంది. దాని లోపలి వైపు బయటి గాలి, బయటి వైపు ఇంజిన్ పొగ. రెండు వైపులా పలచని ప్లాటినం పూత. 300 డిగ్రీలు దాటాక ఆక్సిజన్ అయాన్లు ఆ పింగాణీగుండా కదలడం మొదలుపెడతాయి. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే సెన్సర్ 0.8, 0.9 వోల్టులు చూపిస్తుంది. ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1, 0.2కి పడిపోతుంది. 0.45 దాని సరిహద్దు గీత. కొత్త కార్లు చాలావాటిలో ఇంతకన్నా సూక్ష్మంగా కొలిచే సెన్సర్లు వచ్చాయి గానీ మూలసూత్రం ఇదే.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ సెన్సర్‌కి పెట్రోలు కనిపించదు. దానికి కనిపించేది మిగిలిపోయిన ఆక్సిజన్ ఒక్కటే. పైపు చిరిగి దొంగగాలి చొరబడినా ఆక్సిజన్ మిగులుతుంది. పంపు నీరసించి పెట్రోలు తగ్గినా మిగులుతుంది. ఒక సిలిండర్‌లో ప్లగ్ కొట్టక మిస్సింగ్ వస్తే, అందులోని పెట్రోలూ గాలీ రెండూ మండకుండానే బయటికొస్తాయి. ఆ పెట్రోలు సెన్సర్‌కి లెక్కలోకి రాదు, ఆ ఆక్సిజన్ మాత్రం వస్తుంది. సెన్సర్‌కి ముందు పొగగొట్టం ప్యాకింగ్ పోయినా ఇదే కథ. పొగ గొట్టంలో ధారగా కాదు, దెబ్బలు దెబ్బలుగా వెళ్తుంది. రెండు దెబ్బల మధ్య లోపలి పీడనం బయటికన్నా తగ్గిన క్షణంలో ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఈ నాలుగు కేసుల్లోనూ కంప్యూటర్‌కి అందే కబురు ఒకటే: లీన్. చివరి రెంటిలో ఇంజిన్‌లోకి వెళ్లిన మిశ్రమం సరిగ్గానే ఉంది. అయినా కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది.

కంప్యూటర్ రాసుకునే పద్దు

సెన్సర్ లీన్ అనగానే కంప్యూటర్ కోడ్ వేసేయదు. ముందు సర్దుకుంటుంది. ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని అప్పటికప్పుడు కొంచెం పెంచుతుంది. ఇది షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. అలా పెంచాల్సిన అవసరం రోజూ పడుతుంటే దాన్ని శాశ్వత ఖాతాలోకి మారుస్తుంది. అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. రెండూ శాతాల్లో ఉంటాయి. ప్లస్ 8 అంటే లెక్క ప్రకారం పోయాల్సిన దానికన్నా 8 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తోందని. మైనస్ అంటే తగ్గిస్తోందని. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో రెండూ కలిపితే సున్నాకి అటూ ఇటూ ఐదు దాకా ఉంటుంది, పది దాకా సహించవచ్చు. కంపెనీని బట్టి ప్లస్ 20, 25 దాటాక కంప్యూటర్ చేతులెత్తేసి పి0171 రాస్తుంది.

అంటే దీపం వెలిగేనాటికి జబ్బు పాతబడి ఉంటుంది. ప్లస్ 15తో నెలల తరబడి దీపం లేకుండా తిరిగే కార్లుంటాయి. ఈ పద్దు చూడటానికి పెద్ద వర్క్‌షాప్ అక్కర్లేదు. అమెరికాలో 1996 నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో చిన్న బ్లూటూత్ పరికరం పెడితే ట్రిమ్ అంకెలు ఫోన్‌లోనే కనిపిస్తాయి. కోడ్ పడిన క్షణంలో వేగం, లోడు, ఇంజిన్ వేడి ఎంతెంతో కూడా కంప్యూటర్ ఒక ఫ్రేములో దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపేస్తే ఆ సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. అందుకే ముందు చదివి రాసుకోవాలి, ఆ తర్వాతే చెరపాలి.

రెండు మిల్లీమీటర్ల చిల్లు

ఇప్పుడు అసలు పరిశోధన. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి తగిలించిన రబ్బరు పైపుకి రెండు మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకుందాం. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రాకి చీలిక ఉంటే ఎంత పీల్చినా గాలే ఎక్కువ వచ్చినట్టు, ఇంజిన్ కూడా ఆ చిల్లులోంచి గాలి లాగుతుంది. ఎంత లాగుతుందో లెక్క కట్టవచ్చు.

ఐడ్లింగ్‌లో త్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. మానిఫోల్డ్ లోపలి పీడనం వాతావరణ పీడనంలో మూడో వంతు దాకా పడిపోతుంది. లోపలి పీడనం బయటిదాంట్లో సగానికి తగ్గితే చాలు, చిల్లులోంచి దూసుకొచ్చే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. బానెట్ ఎత్తితే వినిపించే ఈల అదే. ధ్వని వేగాన్ని అందుకున్నాక లోపల పీడనం ఇంకెంత తగ్గినా ప్రవాహం పెరగదు. రెండు మిల్లీమీటర్ల చిల్లులోంచి అది సెకనుకి అర గ్రాము పైచిలుకు ఉంటుంది.

1.2 లీటర్ల ఇంజిన్ ఐడ్లింగ్‌లో పీల్చేదే సెకనుకి రెండు గ్రాముల గాలి. దానికి అర గ్రాము పైచిలుకు దొంగగాలి తోడైతే తప్పు పాతిక శాతం దాటింది. ఇంజిన్ వణుకుతుంది. అదే కారుని న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలబెడితే ఇంజిన్ ఐదారు గ్రాములు పీలుస్తుంది, దొంగగాలి మాత్రం అంతే. తప్పు పది శాతానికి దిగింది. హైవే మీద పదిహేను గ్రాములు పీల్చేటప్పుడు మూడు, నాలుగు శాతమే. త్రాటిల్ పూర్తిగా తెరిస్తే మానిఫోల్డ్ లోపలా బయటా పీడనం ఒకటవుతుంది, చిల్లు ఉన్నా లేనట్టే.

కాబట్టి ట్రిమ్ ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, రేసింగ్ ఇస్తే తగ్గుతుంటే అది గాలి లీకు. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, లోడు పెరిగేకొద్దీ, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో పెరుగుతుంటే పెట్రోలు అందడం లేదు. అన్ని వేగాల్లోనూ ఒకే మోతాదులో ఉంటే కొలతలోనో, ఇంధనంలోనో తేడా ఉంది. స్పానర్ పట్టుకోకముందే, ఒక్క పార్టు విప్పకముందే వెతకాల్సిన చోటు ఇలా మూడో వంతుకి తగ్గిపోతుంది.

ఒక మినహాయింపు ఉంది. పైన చెప్పిందంతా గాలిని ఎయిర్‌ఫ్లో సెన్సర్‌తో నేరుగా తూచే కార్లకు చక్కగా సరిపోతుంది. చిన్న కార్లు చాలావాటిలో ఆ సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్ పీడనాన్ని చూసి గాలి ఎంతో కంప్యూటర్ అంచనా కడుతుంది. వాటిలో లీకు వస్తే పీడనం పెరిగినట్టు కనిపిస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. అప్పుడు లీన్ కోడ్ కన్నా ముందు ఐడ్లింగ్ స్పీడు పెరగడమో, ఎగుడుదిగుడవడమో కనిపిస్తుంది. ఏ కారుకి ఏ సెన్సరుందో తెలుసుకున్నాకే అంకెలకు అర్థం చెప్పుకోవాలి.

గాలి దొంగ దొరికే చోట్లు

లీకు అని తేలాక అనుమానితులు కొందరే. ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కీ త్రాటిల్‌కీ మధ్యనుండే ముడతల రబ్బరు గొట్టం మడతల్లో చీలుతుంది. మడత మూసుకుని ఉన్నప్పుడు కంటికి కనపడదు, చేత్తో సాగదీసి చూడాలి. క్రాంక్‌కేస్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే పీసీవీ పైపు వేడికి, నూనె ఆవిరికి గట్టిపడి కింది వంపులో పగులుతుంది. బ్రేక్ బూస్టర్ పైపు లీకైతే ఐడ్లింగ్ తేడాతో పాటు బ్రేక్ పెడల్ కూడా బిగుసుకుంటుంది. దాన్ని మాత్రం వాయిదా వేయకూడదు. మానిఫోల్డ్ ప్యాకింగ్ చల్లటి ఇంజిన్‌లో లీకై, వేడెక్కాక వ్యాకోచించి మూసుకోవచ్చు. టాంకు ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవచ్చు. దాని పైపుని నొక్కిపట్టి ట్రిమ్ తగ్గుతుందేమో చూస్తే తేలిపోతుంది. రాత్రుళ్లు ఎలుకలు కొరికిన పైపులు మన ఊళ్లలో తరచుగా కనిపించే సంగతే.

వీటన్నిటినీ ఒక్కసారిగా బయటపెట్టే పద్ధతి స్మోక్ టెస్ట్. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో నూనె పొగ పంపితే ఎక్కడ సందుంటే అక్కడి నుంచి సన్నటి తెల్లటి తీగలా పైకి లేస్తుంది. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి ఇంజిన్ శబ్దం మారుతుందేమో వినడం పాత పద్ధతి. వేడి పొగగొట్టం పక్కన మండే ద్రవం చల్లడం నిప్పుతో ఆటే కనుక, స్మోక్ యంత్రం ఉన్న షెడ్డుకి వెళ్లడం మేలు.

పెట్రోలు వైపు చూడాల్సి వస్తే మొదటి పని పీడనం కొలవడం. మానిఫోల్డ్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో అది మామూలుగా 3, 4 బార్ల మధ్య ఉంటుంది. ఐడ్లింగ్‌లో సరిపోయిన పంపు లోడు మీద చాలకపోవచ్చు కాబట్టి బండి నడుస్తుండగా కొలవాలి. ఫిల్టరు పూడుకుపోవడం, పంపు అరగడం, ఇంజెక్టర్లలో మడ్డి పేరుకోవడం, ఇవే సాధారణ కారణాలు. టాంకులోని పెట్రోలే పంపుని చల్లబరుస్తుంది కాబట్టి ఎప్పుడూ రిజర్వులో తిప్పితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. పీడనం సరిగ్గా ఉండి, లోడు మీద మాత్రం ట్రిమ్ పెరుగుతుంటే దుమ్ము పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ గాలిని తక్కువగా తూస్తోందేమో చూడాలి. దానికని తయారైన క్లీనర్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అంబాసిడర్, పద్మిని కాలంలో మెకానిక్కులు ప్లగ్ విప్పి రంగు చూసేవారు. లేత గోధుమ రంగైతే బాగున్నట్టు, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, నల్లటి మసైతే రిచ్. ఆ చూపు ఇప్పటికీ పనికొస్తుంది. నాలుగు సిలిండర్ల పొగ కలిశాక కొలిచే సెన్సర్‌కి సగటే తెలుస్తుంది. నాలుగు ప్లగ్గులు వరసగా పెట్టినప్పుడు ఒక్కటే తెల్లగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టరో, అక్కడి ప్యాకింగో అని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంధనమే మారితే

ట్రిమ్ అన్ని వేగాల్లోనూ ఒకే మోతాదులో ఉండే మూడో కేసుకి మన దేశంలో ఇప్పుడు కొత్త కారణం ఒకటుంది. 2023 ఫిబ్రవరిలో మొదలై బంకులన్నిటికీ విస్తరించిన ఇ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్ బరువులో మూడో వంతుకి పైగా ఆక్సిజనే, కాబట్టి గాలి నుంచి దానికి కావలసింది తక్కువ. ఒక గ్రాముకి తొమ్మిది గ్రాములు చాలు. ఇ20కి సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. ఇథనాల్ లేని పెట్రోలుకి లెక్కలు రాసుకున్న పాత కారులో ఇది పోస్తే కంప్యూటర్ ఏడెనిమిది శాతం ఎక్కువ చిమ్మాలి. ఆ సర్దుబాటు చేతనవుతుంది కాబట్టి కారు నడుస్తుంది. కానీ అప్పటికే చిన్న లీకు వల్ల ప్లస్ 15 దగ్గరున్న కారుకి ఈ ఎనిమిది కలిస్తే గీత దాటుతుంది, దీపం వెలుగుతుంది. యజమాని పెట్రోలుని తిడతాడు, లీకు అలాగే ఉండిపోతుంది. సెన్సరూ కంప్యూటరూ లేని పాత కార్బ్యురేటర్ బళ్లకు ఆ సర్దుబాటు కూడా లేదు. అవి నేరుగా లీన్ వైపు జరుగుతాయి.

నడుస్తోంది కదా అని వదిలేస్తే

లీన్ మిశ్రమంలో మంట నెమ్మదిగా పాకుతుంది. మరీ పలచబడితే అంటుకోదు, మిస్సింగ్ వస్తుంది. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కరిగించేయగలదు. పూర్తి లోడు మీద పెట్రోలు చాలకపోవడం ఇంకా ప్రమాదం. ఆ సమయంలో అదనంగా పోసే పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్‌ని చల్లబరుస్తుంది. అది అందకపోతే ఇంజిన్ నాకింగ్ మొదలై పిస్టన్, వాల్వులు దెబ్బతింటాయి.

దాని నష్టం కారు యజమానితో ఆగదు. నైట్రోజన్ ఆక్సైడులు ఎక్కువగా పుట్టేది 16 దగ్గరి లీన్ మిశ్రమంలోనే. కన్వర్టర్ వాటిని విడగొట్టలేకపోయేది కూడా అప్పుడే. అవే ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి ఓజోన్‌గా మారతాయని లాస్ ఏంజిలస్ పొగమంచు మీద పరిశోధించిన హాగెన్-స్మిట్ 1950ల మొదట్లోనే తేల్చాడు. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడులు కొలవరు. పొగ కంటికి కనిపించదు, వాసనా రాదు. అందుకే ఈ లోపాన్ని యజమానే పట్టించుకోవాలి.

లీన్ అని కోడ్ రాగానే లాంబ్డా సెన్సర్ మార్చేయడం షెడ్డుల్లో బాగా అలవాటైన పని. నిజం చెప్పిన సాక్షిని మార్చడమే అది చాలా సందర్భాల్లో. ఏ పార్టుకైనా డబ్బు కట్టే ముందు మెకానిక్‌ని రెండు అంకెలు అడగండి: ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంత, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఎంత? రిపేరు అయ్యాక, బండిని కాసేపు రోడ్డు మీద తిప్పి అవే రెండు అంకెలు మళ్లీ చూపించమనండి. సున్నా దగ్గరికి దిగితే పని అయినట్టు. దిగకపోతే దీపం ఆరినా సరే, లోపం ఇంకా బండిలోనే ఉంది.